కోటకు బడిపిల్లల కాపలా

హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్‌లో మలక్‌పేట దాటాక న్యూమార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ అని వరసగా స్టేషన్లు వస్తాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు నడవడం మొదలైనప్పటి నుంచి ఈ పేర్లు రోజూ వేలమంది చెవిన పడుతున్నాయి. ఈ దారి అనగానే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, విజయవాడ బస్సుల రద్దీ కళ్లముందు మెదులుతాయి. కానీ నూట పాతికేళ్ల కిందట ఇదంతా ఊరి బయట. నిజాం, ఆయన కొలువులోని పాయ్‌గా నవాబులు గాలిమార్పుకూ వేటకూ విందులకూ వచ్చి నాలుగు రోజులు గడిపి వెళ్లే విడిది మేడలు ఈ దారి పొడవునా వెలిశాయి. వాటిలో కొన్ని నిలిచాయి, ఒకటి కళ్లముందే కూలిపోతోంది. ఒకే కాలంలో, ఒకే రకం డబ్బుతో, దాదాపు ఒకే రకం సామగ్రితో కట్టినవాటి తలరాత ఇంత వేరుగా ఎందుకుంది? కట్టినవాళ్ల గొప్పతనంలోనూ వారసత్వ కట్టడాల జాబితాలోనూ దీనికి జవాబు దొరకదు. పొద్దున్నే ఆ తలుపులు తీసేవాళ్లు ఎవరైనా ఉన్నారా లేదా అన్న దాంట్లో దొరుకుతుంది. తూర్పు హైదరాబాద్ మేడల్ని ఇన్నాళ్లూ నిలబెట్టింది పిల్లలు. ఆ సంగతి ఒప్పుకోకుండా మనం చేసే సంరక్షణ ఆలోచనలన్నీ తలకిందులుగానే ఉంటాయి.

విడిది మేడలు తూర్పుకే ఎందుకు వచ్చాయన్నది ముందు చూడాలి. గోల్కొండ నుంచి బందరు రేవుకు పోయే పాత దారి ఇటే. దాని మీదే హయత్‌నగర్‌లో 1672 నాటి హయాత్ బక్షీ బేగం మసీదు ఇప్పటికీ ఉంది. మూసీ దాటితే నేల ఎత్తవుతుంది, నల్లరాతి గుట్టలు మొదలవుతాయి, సరూర్‌నగర్ చెరువు మీదుగా చల్లగాలి వస్తుంది. ఆ పైన వేట అడవి. వనస్థలిపురం పక్కన 1975లో ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం సొంత వేటమైదానమే, ఇప్పుడక్కడ కృష్ణజింకలు తిరుగుతున్నాయి. గుర్రప్పందాలు మౌలాలి నుంచి మలక్‌పేటకు 1886లో మారాయి. అంటే 1880ల నాటికి మలక్‌పేట నుంచి సరూర్‌నగర్ దాకా ఉన్న మెట్ట దొరల విలాసభూమిగా రూపు కట్టింది. విడిది మేడను ఊళ్లోని దేవిడీతో పోల్చి చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. దేవిడీ ఎత్తు గోడల వెనక, నడిమి చావడి వైపు తిరిగి, లోపలికి చూస్తూ ఉంటుంది. పరదా, నౌకర్లు, కొలువు, భద్రత అన్నీ ఆ చావడి చుట్టూ అమరుతాయి. విడిది మేడ బయటికి చూస్తుంది. దాని కిటికీలు, మేడమీది తిన్నెలు, బురుజులు చెరువునో గుట్టనో అడవి అంచునో చూడటానికి పెట్టినవి. కాబట్టి దాని చుట్టూ ఉన్న ఖాళీ నేలను కూడా కట్టడంలో భాగంగానే లెక్కవేయాలి. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇలాంటి మేడల్లో అన్నిటికన్నా విచిత్రమైనది ఆస్మాన్‌గఢ్. మూసారాంబాగ్ టీవీ టవర్ దగ్గర దిగి గుట్ట వైపు తిరిగితే చాలు. 1885 ప్రాంతంలో దీన్ని కట్టించిన సర్ ఆస్మాన్ జా పాయ్‌గా కుటుంబాల్లో ఒకదానికి పెద్ద. 1887 నుంచి 1893 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా ఉన్నారు. ఈ మేడకు రూపకల్పన ఆయనదేనంటారు. దూరం నుంచి చూస్తే యూరప్ కథల పుస్తకాల్లోని మధ్యయుగపు కోట. నల్లరాతి బురుజులు, వాటి పైన పళ్లు తీర్చినట్టున్న పిట్టగోడలు, కమాను కిటికీలు. గుట్ట రాయి మీదే రాతి గోడ లేవడంతో కొండ ఎక్కడ ఆగిందో, కోట ఎక్కడ మొదలైందో మొదటి చూపులో తెలియదు. దగ్గరికెళ్తే కొలత తెలుస్తుంది. ఇది ముట్టడిని తట్టుకునే కోట కాదు, నవాబు కులాసాగా పొద్దు గడపడానికి కట్టుకున్న ఇల్లు. పిట్టగోడ పళ్ల వెనక తుపాకీ పట్టుకుని నిలబడే పని ఎవరికీ ఎన్నడూ పడలేదు. ఫిరంగులు లేని ఈ కోటలో కొంతకాలం అనాథ పిల్లలు ఉన్నారు. కొంతకాలం బిర్లా పురావస్తు సంస్థ మ్యూజియం నడిచింది. ఇప్పుడు సెయింట్ జోసెఫ్స్ పబ్లిక్ స్కూల్ శాఖ ఉంది. మ్యూజియం తరలిపోయింది, బడి ఉండిపోయింది. పాత మేడ అనగానే మ్యూజియం చేయాలనే అలవాటున్న మనకు ఈ వరస ఆలోచించదగ్గది.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది. పరాయి దేశపు కోటకు నకలు కదా ఇది, కుతుబ్‌షాహీ మసీదుకో కాకతీయుల గుడికో ఇచ్చే గౌరవం దీనికి ఎందుకివ్వాలి? ఈ ప్రశ్న అడిగేవాళ్లు అసలైన కోట యూరప్‌లో ఉందనుకుంటారు. ఆస్మాన్‌గఢ్ లేస్తున్న ఆ సంవత్సరాల్లోనే వేల్స్‌లో, కార్డిఫ్ పట్నానికి ఉత్తరాన అడవిగుట్ట మీద కాస్టెల్ కోఖ్ అనే మేడ కూడా లేస్తోంది. 13వ శతాబ్దపు కోట శిథిలం మీద, బొగ్గు రేవుల ఆదాయంతో కోటీశ్వరుడైన మూడో బ్యూట్ మార్క్విస్ కోసం విలియం బర్జెస్ అనే వాస్తుశిల్పి 1875లో దాన్ని మొదలుపెట్టాడు. 1881లో ఆయన చనిపోయాక మిగిలినవాళ్లు 1891కి ముగించారు. శంకువు ఆకారపు బురుజు కప్పులు, ఎత్తే వంతెన, లోపల రంగురంగుల గదులు, అన్నీ ఊహలో కట్టుకున్న మధ్యయుగమే. దాని బురుజులకూ శత్రువు ఎదురుపడలేదు. అంటే అప్పటికి వేల్స్ దొర తన తాతల కాలాన్ని ఊహించుకుని కడుతున్నాడు, హైదరాబాద్ నవాబు ఆ ఊహను తెచ్చుకుని మన నల్లరాతి గుట్ట మీద నిలబెడుతున్నాడు. ఇద్దరూ ఒక కాలపు మనుషులే. రైలు, టెలిగ్రాఫ్ వచ్చిన లోకంలో పాత కాలపు వైభవాన్ని రాతిలో కట్టి చూసుకోవాలనే ఆరాటం ఇద్దరిదీ. ఇక ఆస్మాన్‌గఢ్ రాళ్లు కొట్టిందీ సున్నం రుబ్బిందీ ఇక్కడి చేతులే. గుట్టను నరకకుండా దాని ఒంటిమీదే మేడను కూర్చోబెట్టిన నేర్పు దక్కన్ దుర్గాలు కట్టినవాళ్ల వారసత్వం. గోల్కొండ బాలాహిస్సార్ చూసినవాళ్లకు ఆ పద్ధతి కొత్త కాదు. ఆకారం పడమటిదే కానీ పనితనం మనది. ఆ రెండూ ఎక్కడ ఎలా కలిశాయో చూపించడానికి ఆస్మాన్‌గఢ్ కన్నా మంచి పాఠం ఈ చుట్టుపక్కల లేదు.

ఇక నిలిచినవాటినీ పోయినవాటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆస్మాన్ జా కట్టించినదే మరో మేడ బషీర్‌బాగ్ ప్యాలెస్. ఊరి నడిబొడ్డుకు దగ్గర, ఆస్మాన్‌గఢ్ కన్నా విలువైన చోటు, అప్పట్లో దాని వైభవమూ ఎక్కువే. అది ఇప్పుడు లేదు, పేటకు పేరు మిగిలింది. మలక్‌పేటలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద వెలిసిన మహబూబ్ మాన్షన్ యూరప్, మొగలాయి పోకడలు కలిసిన పెద్ద మేడ. రాజ్యం ఏలిన ప్రభువు మేడ అది, అయినా రోజువారీ వాడకం పోయాక దిక్కులేనిదైంది. కప్పులు కూలాయి, గోడల్లో చెట్లు మొలిచాయి. అదే మహబూబ్ అలీఖాన్‌ది సరూర్‌నగర్‌లో ఇంకో మేడ. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో, 1901లో చనిపోయిన విక్టోరియా రాణి స్మారకంగా దాన్ని అనాథాశ్రమం చేశారు. మెట్రో స్టేషన్‌కు పేరు అక్కడి నుంచే వచ్చింది. నిజాం పాలన పోయింది, రాణి వారసుల పాలన పోయింది, సరూర్‌నగర్ తోటలు పోయి కొత్తపేట, ఎల్బీనగర్ కాలనీలు వచ్చాయి, విక్టోరియా మెమోరియల్ హోమ్‌లో మాత్రం తల్లిదండ్రులు లేని పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు. ఒకే ప్రభువువి రెండు మేడలు, ఒకే మంత్రివి రెండు మేడలు. ప్రతి జంటలోనూ పిల్లలు చేరినది నిలిచింది, చేరనిది పోయింది లేదా పోతోంది. ఇది కాకతాళీయం అనుకోవచ్చు. కానీ కారణం వెతికితే అంత దూరం వెళ్లక్కర్లేదు, కప్పు దగ్గరే దొరుకుతుంది.

పాత మేడకు అసలు శత్రువు నీళ్లు. మిద్దె మీద ఒక రావిమొలక, తూములో చేరిన నాలుగు ఆకులు, పగిలిన అంచు నుంచి గోడలోకి దిగే సన్నటి ధార, ఇంతే. మనుషులున్న చోట ఇది ఆ వారమే తెలుస్తుంది. నాలుగో తరగతి గదిలో నల్లబల్ల మీద నీళ్లు కారితే మర్నాడు ఒకరు నిచ్చెన ఎక్కక తప్పదు. మనుషులు లేని చోట కప్పు కూలినప్పుడే తెలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలోనే దీనికి సాక్ష్యం ఉంది. నిజాం సైన్యంలో ఫ్రెంచి దళాలను నడిపి 1798 మార్చి 25న చనిపోయిన మిషెల్ రేమండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ పక్క గుట్ట మీదే. నిలువెత్తు రాతి స్తంభం, దాని పక్కన గ్రీకు తరహా స్తంభాల మంటపం. చట్టం రక్షించే కట్టడాల్లో అది ఒకటి. ఆస్మాన్‌గఢ్‌కు అలాంటి కాపలా లేదు. అయినా 2001లో వానలకు కూలింది రక్షణ ఉన్న మంటపం. తర్వాత దాన్ని మళ్లీ కట్టారు, ఆ పని మెచ్చుకోదగ్గదే. కానీ కూలకముందు తుడిచిన ఒక తూము, కూలాక చేసే పునర్నిర్మాణం కన్నా ఎన్నో రెట్లు చవక.

బడి వల్ల మేడ నిలవడం నిజమే గానీ, బడి వల్లే మేడ పాడవుతోంది కదా అనేవాళ్లున్నారు. ఈ మాటలో నిజముంది, తేలిగ్గా తీసిపారేయకూడదు. వసతి కోసం రేకుల షెడ్డు వేస్తారు, కిటికీ కమానుకు అల్యూమినియం ఫ్రేము బిగిస్తారు, గోడకు మేకులు కొట్టి వైర్లు లాగుతారు. అన్నిటికన్నా పెద్ద హాని సిమెంటు. ఆ కాలపు గోడల్ని కట్టింది డంగు సున్నంతో. సున్నపు రాయిని కాల్చి, నీళ్లలో చల్లార్చి, రోజుల తరబడి నాననిచ్చి, ఇసుక కలిపి గానుగలో ఎద్దులతో తిప్పి వెన్నలా రుబ్బేవారు. పని చూసి బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు కలిపేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. గోడలోకి చేరిన తేమ ఆ పూత గుండానే బయటికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే దారి మూసుకుంటుంది. లోపల చిక్కిన తేమ లవణాల్ని పైకి తెచ్చి గోడను పొరలు పొరలుగా తినేస్తుంది. పైకి నున్నగా, గట్టిగా కనిపించే ఆ మరమ్మతు లోపల జబ్బును దాచిపెడుతుంది. ఇదంతా బడి యాజమాన్యాలకు తెలిసి చేసే పని కాదు. వాళ్లకు దొరికే మేస్త్రి సిమెంటు మేస్త్రి. సున్నం పని తెలిసిన మేస్త్రిని పురావస్తు శాఖ దగ్గర తప్ప ఎక్కడ వెతకాలో వాళ్లకెవరూ చెప్పలేదు. సున్నం పూతకు ముందు అయ్యే ఖర్చు ఎక్కువ, అందులో తేడా ఎవరు భరించాలో తేల్చలేదు. కాబట్టి హాని ఉంది గనుక బడిని ఖాళీ చేయించాలనడం జబ్బుకు రోగిని వెళ్లగొట్టడమే. ఖాళీ చేయించాక ఏం జరుగుతుందో మహబూబ్ మాన్షన్ చెబుతోంది. ఫలక్‌నుమాలాగా హోటల్ చేయవచ్చనే సలహా కూడా వస్తుంటుంది. 2010లో తెరుచుకున్న ఆ హోటల్ వెనక ఏళ్ల తరబడి ఓపికగా చేసిన మరమ్మతు ఉంది, పని గొప్పగా వచ్చింది. అయితే అంత పెట్టుబడి ఊరి మొత్తానికీ ఒకటి రెండు మేడలకే దొరుకుతుంది. పైగా సరూర్‌నగర్ పిల్లల్ని బయటికి పంపి అతిథులను లోపలికి పిలవాలని ఎవరైనా అంటే, ఆ మాటను మనస్ఫూర్తిగా వ్యతిరేకించాలి.

ఇంకో ఆక్షేపణ ఇంతకన్నా లోతైనది. ఈ మేడల్లోని ప్రతి రాయి వెనకా జాగీరు రైతు కట్టిన శిస్తు ఉంది. పాయ్‌గాలకు ఎన్నో ఊళ్ల మీద హక్కులుండేవి. తెలంగాణ పల్లెల్లో వెట్టి, భూమి గోస ఏమిటో, 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం ఎందుకు సాగిందో తెలిసినవాళ్లకు నవాబుల విలాస మేడల మీద ప్రేమ పుట్టకపోవడం సహజం. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు జనం సంతోషించారు, న్యాయంగానే. అయితే కట్టడాన్ని కాపాడటం, కట్టినవాణ్ణి కీర్తించడం రెండూ ఒకటి కావు. వేల్స్‌లో బాంగర్ పట్నం దగ్గర పెన్రిన్ కోట ఉంది. జమైకా చక్కెర తోటల్లో బానిసల చెమట, వేల్స్ స్లేటు గనుల కూలీల చెమట కలిసి కట్టిన మేడ. దాని యజమాని గనిలో 1900 నుంచి 1903 దాకా సాగిన సమ్మె అక్కడి ఊళ్లను రెండుగా చీల్చింది. 1951లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికొచ్చిన ఆ కోటలో ఇప్పుడు బానిసల కథా, సమ్మె కథా కూడా చెబుతున్నారు. గోడలు నిలిచి ఉండబట్టే ఆ కథ చెప్పే చోటు మిగిలింది. మనం ఇంకా ఒక మెట్టు ముందే ఉన్నాం. రైతుల శిస్తుతో కట్టిన మేడలో రైతుకూలీల మనవలు, ఏ ఆసరా లేని పిల్లలు కూర్చుని అక్షరాలు దిద్దుతున్నారు. ఆ సొమ్ము తిరిగి జనానికి చేరడానికి ఇంతకన్నా సూటి దారి మరొకటి లేదు. మేడను కూల్చేస్తే చేరేది స్థలం కొన్నవాళ్లకే.

స్థలం మాటకొస్తే, ఈ మేడలకు అసలు ముప్పు అక్కడే ఉంది. ఎల్బీనగర్ చుట్టుపక్కల గజం ధర ఏమిటో చెప్పక్కర్లేదు. విక్టోరియా మెమోరియల్ హోమ్ చుట్టూ ఉన్న పెద్ద ఆవరణ ప్రతి ప్రభుత్వ శాఖకూ ఖాళీ జాగాగానే కనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట పోలీసు కమిషనరేట్‌కు అందులో చోటివ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు హోమ్ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు గట్టిగా ఎదిరించారు. ఊరికి ఆఫీసులు అక్కర్లేదా, ఆసుపత్రులు అక్కర్లేదా అని అడగవచ్చు. కావాలి. అయితే విడిది మేడకు చుట్టూ ఉన్న నేల కూడా కట్టడంలో భాగమని ముందే అనుకున్నాం. అది ఉన్నంతవరకే కిటికీలోంచి గాలి, వాన నీటికి ఇంకే చోటు, పిల్లలకు ఆట స్థలం, ఈ కాంక్రీటు తూర్పులో కాస్త పచ్చదనం. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు ఇంకే నేల ఆ చుట్టుపక్కల ఎంత మిగిలిందో అప్పుడు అందరికీ తెలిసింది. నేలను అమ్మడం ఎన్నడూ తప్పేనా అంటే, అదీ కాదు. వేల్స్‌లో రెక్స్‌హామ్ దగ్గర ఎర్డిగ్ అనే మేడ కిందికి బొగ్గు గనులు తవ్వడంతో కుంగిపోయి, కప్పులోంచి వాన లోపల కురిసే స్థితికి వచ్చింది. 1973లో నేషనల్ ట్రస్ట్‌కు దక్కాక, దాని తోటలో ఒక అంచును ఇళ్లకు అమ్మి, వచ్చిన డబ్బును ఆ మేడ మరమ్మతుకే పెట్టారు. చూడాల్సిన తేడా ఇదే. అక్కడ నేల ముక్క పోయి మేడకు ప్రాణం పోసింది. మన దగ్గర ఆవరణలోంచి ఎకరం పోతే ఆ విలువలో ఒక్క రూపాయి కూడా మేడ కప్పుకు గానీ పిల్లల అన్నానికి గానీ చేరుతుందన్న హామీ ఉండదు. ఆ హామీ రాసిపెట్టకుండా ఇంచు నేల కూడా కదపకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అందులో చెప్పుకోదగ్గది తక్కువ. 1995లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) నిబంధన 13 కింద వారసత్వ కట్టడాల జాబితా వచ్చింది. 2015 చివర్లో ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరులో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఇది పెద్ద గెలుపు. అయినా కోర్టు కూల్చవద్దని చెప్పగలదు, తూము తుడవమని ప్రతి వానాకాలం చెప్పలేదు. ఆ పని చేసేది లోపల ఉండేవాళ్లే. కాబట్టి ప్రభుత్వం ఇవ్వాల్సింది నోటీసుల కన్నా ముందు చేయూత. సున్నం పనికీ సిమెంటు పనికీ మధ్య ఖర్చు తేడాను భరించేలా, మేడను వాడుతున్న బడికో ఆశ్రమానికో గ్రాంటు, ఏడాదికోసారి వానలకు ముందు కప్పు చూసి పోయే ఇంజనీరు, పిలిస్తే వచ్చే సున్నపు మేస్త్రీల పట్టిక. దానికి బదులుగా పాత గోడకు సిమెంటు తగలదనీ, ఏడాదిలో ఒకటి రెండు రోజులు జనాన్ని లోపలికి రానిస్తామనీ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా మాట తీసుకోవాలి.

మహబూబ్ మాన్షన్‌కు మొదట కావాల్సింది వాడుకునేవాళ్లు. వాళ్లు కొద్ది స్టేషన్ల దూరంలోనే ఉన్నారు. గ్రూప్స్‌కూ బ్యాంకు పరీక్షలకూ చదవడానికి జిల్లాల నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక్కో గదికి నలుగురైదుగురు సర్దుకుంటూ, కూర్చుని చదువుకునే కుర్చీకి నెల నెలా అద్దె కడుతున్న పిల్లలు వేలల్లో ఉన్నారు. మిగిలిన గోడల్లో గట్టివేవో తేల్చి, చెట్ల వేళ్లు తీయించి, ఒక్క హాలుకు కప్పు వేసి, బల్లలూ దీపాలూ పెట్టి తెల్లవారుజామున ఐదింటికి తలుపు తీస్తే ఆరింటికల్లా అది నిండుతుంది. రెండో హాలుకు కప్పు వేయమని ప్రభుత్వాన్ని అడిగేది ఆ తర్వాత వాళ్లే.